గెస్టొచ్చిండు, దిగు

చర్చిలో అందరం నిలబడి ప్రార్థన చెప్పుకుంటున్నప్పుడు, మనకు కీడు చేసినవాళ్ళను క్షమించే మాట దగ్గరికి వచ్చేసరికి నేను నోరు మూసుకుంటాను. పక్కనుంచి మా అమ్మ మోచేత్తో పొడుస్తుంది. "అను బిడ్డా, ఒక్క మాటే గదా" అంటుంది. నేను అనను. మిగతా ప్రార్థన అంతా గట్టిగానే చెప్తాను. దేవుడి ముందు నిలబడి అబద్ధం చెప్పడం కంటే ఆ ఒక్క మాట వదిలేయడం నయం. ఎందుకంటే ఒక మనిషి ఉన్నాడు, ఆయనను నేను క్షమించలేదు. ఆ మనిషి ఇదే ఊళ్ళో, వరంగల్ మట్టెవాడలో, ఆటసామాన్ల దుకాణం పెట్టుకుని సుబ్బరంగా బతుకుతున్నాడు. ఆయన ముఖం గుర్తొస్తే ఇప్పటికీ నాకు తిన్నది అరగదు.

ఆయనను అందరూ సెక్రటరీ సార్ అంటారు. మా జిల్లాలో జిమ్నాస్టిక్స్ క్లబ్బులన్నీ కలిసి పెట్టుకున్న సంఘానికి ఎప్పటినుంచో ఆయనే సెక్రటరీ. ఇంకెవరూ ఆ కుర్చీ వైపు చూసే ధైర్యం చేయలేదు.

నేనేమిటో కూడా చెప్పాలి కదా. మాది నెక్కొండ పక్క పల్లె. అమ్మానాన్నా కూలికి పోయేవాళ్ళు. నన్ను వరంగల్‌లో చర్చివాళ్ళ హాస్టల్లో వేశారు. ఆ హాస్టల్లో పీటీ టీచరమ్మ ఒకావిడ ఉండేది, సాయంత్రం స్టడీ అవర్ ముందు పాత పరుపులు పరిచి మా చేత పల్టీలు కొట్టించేది. వడ్రంగిని బతిమాలి ఒక బీమ్ కూడా చేయించింది. బీమ్ అంటే బెత్తెడు వెడల్పున్న పొడుగాటి చెక్క, దాని మీద నడవాలి, ఎగరాలి, వెనక్కి వంగి చేతులు ఆనించి లేవాలి. అసలు బీమ్ నా ఛాతీ ఎత్తున ఉంటుంది. మాది మోకాలి ఎత్తున ఉండేది, పైన గోనెసంచి చుట్టి ఉండేది. నేను దాని మీదే పెరిగాను. మిగతా పిల్లలు పరుగెత్తి వచ్చి బల్ల మీదుగా ఎగిరే వాల్ట్ అంటే ఇష్టపడేవాళ్ళు, నేల మీద పల్టీలు కొట్టే ఫ్లోర్ అంటే ఇష్టపడేవాళ్ళు. నాకు బీమ్ ఎక్కితే చాలు, లోకంతో పని ఉండేది కాదు.

ఎనిమిదో తరగతిలో జిల్లా ఎంపిక పోటీలకు తీసుకుపోయింది టీచరమ్మ. అందులో గెలిచినవాళ్ళు జిల్లా జట్టులో రాష్ట్ర పోటీలకు హైదరాబాద్ పోతారు. నాలుగింటిలో మూడు ఆటలయ్యేసరికి నేను మంచి స్థానంలోనే ఉన్నాను, మిగిలింది బీమ్. ఎక్కాను. సగం దాకా ఏ తప్పూ లేకుండా వచ్చాను. వెనక్కి వంగడానికి చేతులు పైకెత్తానో లేదో బయట డప్పులు మొదలయ్యాయి. సెక్రటరీ సార్ పరుగున వచ్చి బీమ్ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు.

"గెస్టొచ్చిండు, దిగు."

నేను జడ్జీల వైపు చూశాను. వాళ్ళు అప్పటికే కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. ఆయన మళ్ళీ, "దిగు పిల్లా, చెప్తే సమజ్ అయితలేదా" అన్నాడు. దిగాను.

ఆ తర్వాత సన్మానం. శాలువా, బొకే, మెమెంటో, ఒకరి తర్వాత ఒకరు మైకు దగ్గరికి. వచ్చినాయన యువత గురించి చెప్పాడు, దేశం గురించి చెప్పాడు, చిన్నప్పుడు తాను చెరువులో ఎలా ఈత కొట్టాడో చెప్పాడు. మమ్మల్ని వరసగా నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. కాళ్ళకు చెప్పుల్లేవు, కింద గచ్చు, ఒంట్లో వేడి అంతా పోయింది, చేతులకు మాత్రం చెమట. ఆయన కారెక్కాక సెక్రటరీ సార్ నా వైపు తిరిగి, "ఇగ ఎక్కు, ఆగిన కాడికెళ్లే చెయ్" అన్నాడు. ఎక్కాను. వెనక్కి వంగాను. కట్టెలా బిగుసుకున్న ఒళ్ళు మాట వినలేదు, పడ్డాను.

అంతటితో పోయినా సరే అనుకునేదాన్ని. మార్కులు చూస్తే రెండుసార్లు పడినట్టు కోశారు. టీచరమ్మ వెళ్ళి అడిగింది, పిల్ల పడింది ఒక్కసారే కదా అని. సెక్రటరీ సార్ నవ్వి, "మొదటిసారి దిగింది గదా మేడమ్. దిగితే దిగినట్టే" అన్నాడు. నేనక్కడే ఉన్నాను. నా చెవులతో విన్నాను.

జట్టులో నా చోటు ఆ కోతతోనే పోయింది. ఏడ్వలేదని గొప్పలు చెప్పుకోను, హాస్టల్ బాత్రూములో కుళాయి తిప్పి పెట్టి మరీ ఏడ్చాను. మరుసటి ఏడు మా నాన్న, "ఆటలు సాలు, సదువు సూస్కో" అన్నాడు. ఆయన తప్పేం లేదు, జట్టులో పేరు వచ్చి ఉంటే ఆయనే అందరికీ చెప్పుకుని తిరిగేవాడు. అప్పటికి నేనూ పొడుగైపోయాను. ఈ ఆటలో ఆడపిల్లకు ఉండేదే కొన్నేళ్ళు, అవి అయిపోయాయి.

ఇప్పుడు హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో పీటీ టీచర్ని. నా దగ్గరా పిల్లలు నేర్చుకుంటారు, ప్రతి ఏడూ పోటీలకు తీసుకుపోతాను. ప్రతి ఏడూ గేటు దగ్గర ఆయన కనిపిస్తే చేతులు జోడించి "నమస్తే సార్" అంటాను. ఆ రెండు చేతులూ ఆయన మెడ చుట్టూ ఉంటే ఎంత బాగుండునో అని మనసులో అనుకుంటాను. ఆయన మీసానికి రంగేసుకుని, తెల్ల బూట్లేసుకుని, "ఆఁ బాగున్నవా బిడ్డా" అంటాడు. ప్రతి ఏడూ ఎవరో ఒక గెస్టు వస్తాడు, ఎవరో ఒక పిల్ల ఏదో ఒక దాని మీద నుంచి దిగుతుంది. కోచ్‌లందరికీ తెలుసు. కోచ్‌లందరం గోడవారగా నిలబడి పళ్ళు నూరుకుంటాం. ఎదురు మాట్లాడితే మరుసటి ఏడు ఆ క్లబ్బు పిల్లలకు పోటీలో ఏ గతి పడుతుందో కూడా తెలుసు.

ఎందుకంటే ఎవరు ఎప్పుడు ఏ ఆట ఆడాలో రాసేది ఆయనే. ఆడపిల్లలకు నాలుగు ఆటలు: వాల్ట్, రెండు కడ్డీలు పట్టుకుని ఊగే బార్స్, బీమ్, ఫ్లోర్. పిల్లల్ని నాలుగు గుంపులు చేస్తారు. ఒక్కో గుంపు ఒక్కో చోట మొదలుపెట్టి, ఒకటి అయ్యాక పక్కదానికి జరుగుతుంది. దాన్నే రొటేషన్ అంటాం. చూడ్డానికి బొంగరాలాటలా ఉంటుంది గానీ గెలుపోటములు సగం అందులోనే ఉంటాయి. పొద్దున్నే మార్చ్‌పాస్ట్‌లో నిలబడి నిలబడి నేరుగా బీమ్ ఎక్కడం వేరు, ఒళ్ళు వేడెక్కాక ఎక్కడం వేరు. సెక్రటరీ సార్ తెల్ల అట్ట మీద స్కెచ్ పెన్నులతో గళ్ళు గీసి, తన సొంత క్లబ్బు పిల్లలకు ఎక్కడ బాగుంటే అక్కడ రాసుకునేవాడు. మధ్యలో బుద్ధి పుడితే కొట్టేసి మళ్ళీ రాసేవాడు.

ఈసారి ఆ అట్టకు కాలం చెల్లింది. షెడ్యూల్ అంతా సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ముందే పంపాలని, చూసుకోవడానికి హైదరాబాద్ నుంచి ఒక అధికారిణి వస్తుందని పైనుంచి చెప్పారు. సెక్రటరీ సార్ నన్ను దుకాణానికి పిలిపించాడు. షీల్డులూ కప్పులూ పేర్చిన అలమార ముందు కూర్చుని ఉన్నాడు.

"నాకు గీ కంప్యూటర్ గింప్యూటర్ తోని కాదు బిడ్డా. నువు చదువుకున్నదానివి, నువు చూస్కో."

"సరే సార్" అన్నాను.

"గెస్టు సన్మానం మాత్రం మంచిగ వెట్టు. పెద్ద మనిషి వస్తాండు. రాష్ట్ర సంఘంల నాకొక కుర్సీ ఇప్పిస్తనన్నడు."

"ఎన్ని గంటలకు వస్తరు సార్?"

"పదకొండు."

"పక్కానా సార్?"

"నేను చెప్తాన్న గదా, పదకొండంటే పదకొండే. నువ్వేం ఫికర్ చెయ్యకు."

నేను ఫికర్ చేయలేదు. బయటికొచ్చి, రోడ్డు దాటి, బండి దగ్గర నిలబడి వేడివేడి మిర్చి తిన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మిర్చికేలే. చేతికి చిక్కాడు, ఇన్నేళ్ళకు నా చేతికి చిక్కాడు అని ఒకటే సంబరం.

మధ్యాహ్నాలు స్కూలు కంప్యూటర్ ల్యాబ్‌లో పిల్లలు లేని పీరియడ్ చూసుకుని పని మొదలుపెట్టాను. ఆ సాఫ్ట్‌వేర్ ఎంత చక్కగా ఉందో. ఒక్కో గుంపుకు ఒక్కో రంగు డబ్బా. మౌస్‌తో పట్టుకుని లాగి ఎక్కడ పెడితే అక్కడ కూర్చుంటుంది. ఒకే పిల్ల రెండు చోట్ల ఉండేలా పెడితే ఎర్రగా మండుతుంది. వార్మప్‌కు ఎంతసేపో, ఒక్కో పిల్లకు ఎంతసేపో చెప్తే మిగతా లెక్క అదే కట్టుకుంటుంది.

ముందుగా చేసిన పని దాచను. సెక్రటరీ సార్ క్లబ్బు పిల్లల గుంపు డబ్బా పట్టుకుని పొద్దున మొదటి రొటేషన్‌లో బీమ్ మీద పడేశాను. మార్చ్‌పాస్ట్ అవ్వగానే, ఒళ్ళు చల్లగా ఉండగానే. దాని తర్వాత ఖాళీ పెట్టాను, ఉన్న కాస్త వేడీ పోవాలని. కుర్చీలో వెనక్కి వాలి ఆ తెరను చూస్తూ కూర్చున్నాను. అబ్బ, ఎంత అందంగా ఉందో. పెళ్ళి ఆల్బమ్ కూడా అంతసేపు చూసుకోలేదు నేను.

తర్వాత తీసేశాను. మంచితనం అనుకునేరు, కాదు. ఆ డబ్బా మీద నొక్కితే పిల్లల ఫొటోలు వచ్చాయి. మొదటి పిల్లకు ముందు పళ్ళు ఇంకా సరిగా రాలేదు. వీళ్ళు పడితే ఆయన వీళ్ళను నాలుగు తిడతాడు, ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటాడు. దెబ్బ పిల్లలకు, ఆయనకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నాకు కావలసింది ఆయన. నలుగురిలో, పట్టపగలు, శాలువా చేతిలో ఉండగా కావాలి.

అందుకని డ్రా నిజాయితీగా తీయించాను. కోచ్‌లందరినీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, వాళ్ళు చూస్తుండగా సాఫ్ట్‌వేర్ చేతనే గుంపులు తీయించాను. తర్వాత నా ఫోన్ మోగుతూనే ఉంది. "అక్కా, మా పిల్లలకు బార్స్ ముందు వచ్చింది, జర ఇటు మార్చరాదు?" అని ఒకాయన. "చెల్లె, మాకు ఫ్లోర్ ఆఖరికి వెట్టు, నీ కాళ్ళు మొక్కుతా" అని ఇంకొకాయన. ఎవరికీ మార్చలేదు. అందరి కళ్ళ ముందు తీసిన డ్రాను ముట్టుకుంటే నాకు ఆయన ముందు నిలబడే ముఖం ఉండదు.

ఆ డ్రాలో నా పిల్లకు బీమ్ ఆఖరి రొటేషన్‌లో వచ్చింది.

ఆ పిల్లది ధర్మసాగర్. వాళ్ళ నాన్న చెరువులో చేపలు పడతాడు. పిల్ల రోజూ బస్సెక్కి వస్తుంది, గిన్నెలో అన్నం తెచ్చుకుంటుంది, మాట తక్కువ. వాల్ట్ అంతంత మాత్రం, బార్స్ ఇంకా కష్టం. కానీ బీమ్ మీద ఆ పిల్లను చూస్తే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. జిల్లా జట్టులో ఈసారి ఒక్క చోటే ఖాళీ ఉంది, మిగతావాళ్ళు దాదాపు ఖాయం. బీమ్ మీద పడకుండా దిగితే ఆ చోటు నా పిల్లది. పడితే కాదు. వయసు చూస్తే దానికి మళ్ళీ అవకాశం వస్తుందో రాదో చెప్పలేను. గెస్టులు ఏనాడూ చెప్పిన సమయానికి రారు, ఒక గంట అటే వస్తారు. అటు అంటే సరిగ్గా మా పిల్ల బీమ్ మీద ఉండే సమయం.

లెక్క రెండుసార్లు చూసుకున్నాను. తర్వాత కోపం వచ్చింది. ఆ కోపంతోనే షెడ్యూల్‌లో ఒక వరస కొత్తగా చేర్చాను. మూడో రొటేషన్‌కూ నాలుగోదానికీ మధ్య, సరిగ్గా పదకొండు గంటలకు: అతిథి సన్మానం. ఇరవై నిమిషాలు. నాలుగు ఆటలూ ఆగాలి. దాని తర్వాత పిల్లలకు మళ్ళీ వార్మప్. దాన్ని సెక్రటరీ సార్ ఫోన్‌కు పంపి, "చూసి ఓకే చెప్పండి సార్" అన్నాను. బొటనవేలి బొమ్మ ఒకటీ, దండం బొమ్మలు రెండూ వచ్చాయి. వాటిని కూడా కలిపి హైదరాబాద్ అధికారిణికి పంపాను. ఆమె చూసి షెడ్యూల్‌కు తాళం వేసింది. ఇక ఎవరూ మార్చడానికి లేదు.

పోటీల రోజు హాలులో గోడకు పెద్ద టీవీ పెట్టించాను, షెడ్యూల్ అందరికీ కనబడేలా. ల్యాప్‌టాప్‌తో నేను బీమ్ పక్కనే బల్ల వేసుకుని కూర్చున్నాను. మూడు రొటేషన్లూ గడియారంలా నడిచాయి. మా పిల్ల బార్స్ మీద నేను భయపడినంత చెడగొట్టలేదు. పదకొండైంది. టీవీ మీద పెద్ద అక్షరాలతో అతిథి సన్మానం అని పడింది, కింద నిమిషాలు తరుగుతూ కనిపిస్తున్నాయి.

అన్నీ ఆగాయి. హాలంతా లేచి నిలబడింది. గెస్టు లేడు.

సెక్రటరీ సార్ పళ్ళెంలో శాలువా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఇంకో చేతిలో ఫోన్. "కాజీపేట దాటిండట" అన్నాడు. టీవీలో నిమిషాలు తరుగుతున్నాయి. "బ్రిడ్జి మీద ఉన్నడట." ఇంకా తరుగుతున్నాయి. పిల్లలు మూతులకు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. వెనక వరసలో ఒక తండ్రి, "ఎవలికి సార్ సన్మానం, మాకా?" అని గట్టిగానే అడిగాడు. గోడవారగా నిలబడే మా కోచ్‌లు కూడా నవ్వారు. ఆయన ముఖం మాడిన రొట్టెలా అయింది. నేను చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఒక్క క్షణం కూడా కళ్ళు తిప్పలేదు.

సమయం అయిపోయింది. అధికారిణి నా వైపు తల ఊపింది. నేను మీట నొక్కాను. వార్మప్, ఆ తర్వాత నాలుగో రొటేషన్.

మా పిల్ల వంతు వచ్చింది. చేతులకు సుద్దపొడి రుద్దుకుంది, జడ్జీలకు చెయ్యెత్తింది, ఎక్కింది. మొదటి మలుపు, గెంతు, నడక, ఏ తప్పూ లేదు. సరిగ్గా అప్పుడు బయట డప్పులు.

ఏం చెప్పమంటారు నా స్థితి. సెక్రటరీ సార్ చెయ్యి పైకెత్తి పరుగున వస్తున్నాడు, అదే పరుగు. అధికారిణి లేచి అడ్డం నిలబడింది. "సన్మానం టైమ్ అయిపోయింది సార్. బీమ్ మీద పిల్ల ఉంది, దగ్గరికి పోవద్దు" అంది. ఆయన ఆమెను దాటలేక నా బల్ల దగ్గరికి వచ్చాడు. రొప్పుతున్నాడు.

"బిడ్డా, జర ఆపు. సిస్టమ్ల ఆపు. టీవీల మల్ల సన్మానం అని వెయ్యి, ఆమె గూడ ఊకుంటది."

ఆపే బటన్ ఉంది. పసుపు రంగులో, పెద్దది, నా చూపుడు వేలికి ఇంత దూరంలో. నేను ఆయన కళ్ళల్లోకి చూశాను.

"సిస్టమ్ తీసుకుంటలేదు సార్" అన్నాను.

ఈ మాట వినని పేదవాడు మా వైపు ఉండడు. రేషన్ దుకాణంలో అంటారు, బ్యాంకులో అంటారు. మా అమ్మ పింఛను కోసం పోయి వేలిముద్ర పడక, ఎండలో ఎన్నిసార్లు ఈ మాట మోసుకుని ఇంటికొచ్చిందో. ఈ మాటకు ఎదురు మాట లేదు. అవతలివాడిని తిట్టలేం, సిస్టమ్‌ను తిట్టలేం, తిరిగి రావడమే. సెక్రటరీ సార్‌కు ఈ మాట ఎవరూ చెప్పి ఉండరు. నా నోటితో నేను చెప్పాను.

"ఎందుకు తీస్కోదు?" అన్నాడు.

"లాక్ అయింది సార్. మీరే ఓకే చెప్పిండ్రు గదా."

తెర మీదికి వంగి చూశాడు. కళ్ళజోడు తెచ్చుకోలేదు, ఏమీ కనబడలేదు. ఆ పసుపు బటన్ ఆయన ముక్కు కిందే ఉంది. అప్పుడు నాకు కలిగిన సుఖం ఎలాంటిదో చెప్తే మా పాస్టరుగారు బాధపడతారు.

గుమ్మంలో గెస్టు నిలబడ్డాడు. మ్యాట్ల మీదికి బూట్లతో రాకూడదని అక్కడ కాపలా పెట్టిన అమ్మాయి ఆపింది. బూట్లు విప్పి, సాక్సులతో, మెడలో దండతో, వెనక మందతో నిలబడ్డాడు. డప్పులు ఆగిపోయాయి. హాలులో ఎవరూ గుమ్మం వైపు చూడటం లేదు, అందరూ బీమ్ వైపే చూస్తున్నారు. పిల్ల చేతులు పైకెత్తింది. వెనక్కి వంగబోతూ ఒక్కసారి ఊగింది. కుడి కాలు గాలిలో ఎటో పోయింది. నేను బల్ల అంచు పట్టుకున్నాను. పడకు తల్లీ, పడకు, నిన్నెవరూ దింపరు అని లోపల అనుకుంటున్నాను. అది పొట్ట బిగించి, పాదం ఆనించి, నిలదొక్కుకుంది. వంగింది, చేతులు ఆనించింది, లేచింది. చివరికి పల్టీ కొట్టి కిందికి దూకి రెండు కాళ్ళ మీద నిలబడింది.

చప్పట్లు మారుమోగాయి. గెస్టు కూడా కొట్టాడు పాపం. నేను ఆగకుండా తర్వాతి పిల్ల పేరు నొక్కాను. ఆ పిల్ల ఎక్కింది. గెస్టు వాచీ చూసుకున్నాడు. సెక్రటరీ సార్ పళ్ళెం పట్టుకుని పక్కన చేరి ఏదో చెప్పబోయాడు. "ఇంకో ప్రోగ్రాం ఉన్నదన్నా, నన్ను పిలిచి ఇట్ల నిలవెడ్తవా" అని ఆయన బూట్లు తొడుక్కున్నాడు. పోయాడు. శాలువా పళ్ళెంలోనే ఉండిపోయింది. రాష్ట్ర సంఘంలో కుర్చీ సంగతి ఇక దేవుడికే ఎరుక.

జట్టులో ఆ ఒక్క చోటూ మా పిల్లకే వచ్చింది. టీవీలో తన పేరు చూసి, "నిజంగా నేనేనా మేడమ్?" అని నాలుగుసార్లు అడిగింది. వాళ్ళ నాన్న ఒక మూల నిలబడి తుండుతో కళ్ళు ఒత్తుకున్నాడు. నా కడుపు చల్లబడింది. అక్కడితో ఇంటికి పోయి ఉంటే నాకు ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టి ఉండేది.

పోలేదు. ఎవరు కొట్టారో తెలియకపోతే అదేం దెబ్బ. ఆయనకు తెలియాలి. నా నోటితో చెప్పాలి, విని ఆయన ముఖం మారాలి, అది నేను చూడాలి.

అందరూ వెళ్ళిపోతున్నారు, మ్యాట్లు చుడుతున్నారు. సెక్రటరీ సార్ ఒక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని శాలువాను మడతపెట్టి దాని కవర్లో పెట్టుకుంటున్నాడు. నేను పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"సార్, ఆపే బటన్ ఉండె. కావాలనే నేను నొక్కలే."

తలెత్తి చూశాడు. కోపం రాలేదు, అర్థం కాలేదు. "ఎందుకు బిడ్డా?" అన్నాడు.

"నేను బీమ్ మీద ఉన్నప్పుడు, గెస్టొచ్చిండని నన్ను దింపిండ్రు. నా జట్టు పోయింది."

"నిన్నా? ఎప్పుడు?"

"చిన్నప్పుడు సార్. నేను ఆడే రోజుల్ల."

ఆయన శాలువా పక్కన పెట్టాడు. నా ముఖంలోకి పరీక్షగా చూశాడు. నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాడు.

"నువు పరకాల పిల్లవా? దిగుతాంటే జారి మొకం మీద పడ్డది, పండ్లు పోయినయ్."

"కాదు సార్."

"మరి రైల్వే గార్డు బిడ్డవా? మీ నాయిన నాతోని కొట్లాటకు వచ్చిండు. తెల్లగుంటుండె ఆ పిల్ల."

"కాదు సార్."

"ఆగు ఆగు. మల్లెక్కు అంటే ఎక్కనని, గోడకు మొకం వెట్టి నిలవడ్డది. ఇగ ఎన్నడు రాలె ఆ పిల్ల. నువ్వేనా?"

"కాదు సార్."

"చెయ్యి ఇరిగిన పిల్ల? బార్స్ మీదికెళ్లి దింపిన, మల్ల ఎక్కుడు తోనే చెయ్యి జారె. దవాఖానకు నేనే తీస్కపోయిన."

"కాదు సార్." ఇక నేనే చెప్పాను.

"నేను హాస్టల్ పిల్లను. చర్చి హాస్టల్. దిగితే దిగినట్టే అన్నరు మీరు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఒక్కో వేలూ ముడుస్తూ, పెదవులు కదుపుతూ చాలాసేపు వెతికాడు. ఇంకా ఎవరెవరో పిల్లలు గుర్తొచ్చారు, ఒక్కొక్కరినీ బయటికి చెప్పాడు, ఒకరి జడ, ఒకరి ఊరు, ఒకరి ఏడుపు. నేను వింటూ కూర్చున్నాను. వాళ్ళలో నేను లేను.